భుజం అందని సీటు

"ఈ ఏడాది నువ్వు ఇంట్లోనే ఉండిపో లవాన్. నేను డ్వేన్ వాళ్ళతో వెళ్ళొచ్చేస్తాను," అన్నాడు మా ఆయన ఎల్డన్, రొట్టెకు వెన్న రాసుకుంటూ.

ఏటా ఆగస్టులో మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఐదు జంటలం ఐదు మోటారు సైకిళ్ళ మీద పడమరగా బ్లాక్ హిల్స్ కొండలకు వెళ్తాం. మూడు వందల యాభై మైళ్ళు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఎల్డన్ వెనక సీటు ఖాళీగా వెళ్ళలేదు. ఇప్పుడు నా కుడి తుంటి అరిగిపోయింది. అరగంటకు మించి మోటారు సైకిల్ ఎక్కవద్దన్నాడు డాక్టరు. మా పాత బండి వెనక సీటు రొట్టె ముక్క కంటే కాస్త వెడల్పు, అంతే.

"నేనూ వస్తాను," అన్నాను.

"దేని మీద? ఆ సీటు మీదా? మొన్న బంకు దగ్గర నిన్ను దించడానికి ఇద్దరం కావాల్సొచ్చింది. సంతలో దూడని దించినట్టు దించాం."

"అయితే నేను కూర్చోగలిగే బండి కొను."

ఎల్డన్ కత్తి కింద పెట్టాడు. డెబ్బై నాలుగేళ్ళ మొహం ఒక్కసారిగా విప్పారింది. "నువ్వేనా ఈ మాటంటున్నది? పదిహేనేళ్ళ నుంచీ కొత్త బండి అంటే చాలు, నా మీద పళ్ళు నూరేదానివి!"

"ఇప్పుడు నూరడానికి పళ్ళు లేవు."

అతను పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎల్డన్ ఒంటరిగా వెళ్తే తిరిగి ఇల్లు చేరలేడు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

కిందటేడు మొక్కజొన్న కోతలప్పుడు డ్వేన్ వాళ్ళింటి నుంచి బండి మీద వస్తున్నాం. నలభై ఏళ్ళుగా ఎడమకు తిరిగే కూడలి దగ్గర ఎల్డన్ వేగం తగ్గించాడు. పాత బండి మీద నా మోకాళ్ళు అతని నడుముకు రెండు వైపులా ఆనుకుని ఉంటాయి. ఒంట్లో ఏ కదలిక వచ్చినా అతని కంటే ముందు నాకే తెలుస్తుంది. ఆ రోజు అతని ఒళ్ళు బిగుసుకుంది. తల ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది, మళ్ళీ ఎడమకు తిరిగింది. నేను అతని ఎడమ భుజం మీద రెండుసార్లు తట్టాను.

బండి మీద తిరిగే ప్రతి జంటకూ ఇలా తట్టి చెప్పుకునే గుర్తులు ఉంటాయి. మాలో ఎడమ భుజం తడితే ఎడమవైపు జింక ఉంది, చూసుకో అని. ఎల్డన్ ఎడమకు తిరిగాడు. ఇంటికొచ్చాక హెల్మెట్ తీస్తూ, జింక ఎక్కడ కనబడిందని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ రోజు నుంచి అతనికి దారి నేనే. పికప్ ట్రక్కులో అయితే "ఇటు పోనీ ఎల్డన్, ఆ వైపు వాళ్ళ సోయా పంట ఎలా ఉందో చూద్దాం" అంటాను. బండి మీద అయితే తడతాను. తొమ్మిది నెలలు మేమిద్దరం ఈ సంగతి ఒక్కసారి కూడా నోటితో అనుకోలేదు.

డాక్టరుకు చెబితే లైసెన్సు పోతుంది. బండి తీసేస్తే ఎల్డన్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంటాడు, అక్కడ కూర్చుని ఉండగానే మనసులో నన్ను వదిలి వెళ్ళిపోతాడు అనిపించేది. మనుషుల్ని సాగనంపడం నాకు ఎప్పుడూ సరిగ్గా చేతకాలేదు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు మా అన్న గేలెన్ సైన్యానికి వెళ్తుంటే బస్టాండు బెంచీ మీద కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాను. ఆ అధ్యాయం అయ్యాక తలెత్తితే బస్సు లేదు. గేలెన్ మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి ఎవరు వెళ్తున్నా మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాను. చూస్తే ఆగుతారని కాదు.

మూడు వారాల్లో మూడు షోరూములు తిరిగాం. ఎల్డన్‌కు మోకాళ్ళ నొప్పి. ముందు సీటు ఎత్తు తక్కువ ఉండాలి, ఇద్దరం కూర్చున్నా అతని రెండు పాదాలూ పూర్తిగా నేలకానాలి. లేకపోతే ఆగిన చోటల్లా బండి మమ్మల్నిద్దర్నీ పడేస్తుంది. నాకేమో మెత్తని వెడల్పు సీటు కావాలి, కాళ్ళు చాపుకునేందుకు వీలుండాలి. మొదటి షాపులో బండి పొట్టిగా, ముద్దుగా ఉంది, వెనక సీటు మాత్రం టీ సాసరంత. రెండో షాపులో సీటు బాగుంది, పాదాలు పెట్టుకునే ఊచలు ఎంత ఎత్తులో ఉన్నాయంటే మోకాళ్ళు చెవులకు తగిలాయి. తోడు వచ్చిన ఆర్డిస్, అంటే డ్వేన్ భార్య, గోడ పట్టుకుని నవ్వింది.

"పొయ్యిలో పెట్టడానికి కాళ్ళు కట్టిన కోడిలా ఉన్నావే లవాన్!"

"నువ్వెక్కు, నువ్వెలా ఉంటావో చూస్తాం."

"నేనెక్కితే టైరు పేలుతుంది. మా ఆయన నన్ను ఓసారి బంకులో వదిలేసి నలభై మైళ్ళు పోయాడు, గుర్తుందా? బరువు తగ్గినట్టు తెలియలేదా నాయనా అంటే, 'ఇంజను హాయిగా లాగుతోందనుకున్నా' అన్నాడు."

మావాళ్ళలో ఇది పాత హాస్యం. ఏ గుంపులో చూసినా, భార్య బాత్‌రూమ్‌లో ఉండగా వదిలేసి వెళ్ళిన మొగుడు ఒకడుంటాడు. ఆ తప్పుకు పరిహారంగా ఆర్డిస్ కొత్త పొయ్యి కొనిపించుకుంది. ఈ కథ విన్నప్పుడల్లా అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు మాత్రం నవ్వకుండా సీటు దిగాను.

మూడో షాపులో బండి ఇంజను వేడికి నా కుడి పిక్క కాలింది. ఆగస్టుకు ఇంకా రెండు వారాలే ఉంది. ఎల్డన్ అప్పటికే "పోనీలే లవాన్, నేనొక్కణ్ణే..." అనడం మొదలుపెట్టాడు. నాకు నిద్ర పట్టడం మానేసింది. బండ్లు రోడ్డు మీద మైళ్ళ పొడవునా చెదిరిపోతాయి. డ్వేన్ ముందుంటాడు, వెనక్కి చూడడు. ఏ కూడలిలోనో ఎల్డన్ తల ఎడమకు, కుడికి, ఎడమకు తిరగడం, భుజం తట్టేవాళ్ళు లేకపోవడం కళ్ళు మూసుకుంటే కనబడేది.

నాలుగో షాపు హైవే పక్కన ఉంది. అక్కడ కెండ్రా అనే అమ్మాయి అమ్మకాలు చూస్తుంది. ముప్ఫై ఐదేళ్ళుంటాయి, చేతుల నిండా పచ్చబొట్లు.

"ఎవరికి కావాలి సార్, మీకా?"

"నాకు కాదమ్మాయ్, నా వెనక కూర్చునే మనిషికి. నేను ముళ్ళ కంచె మీదైనా కూర్చుంటాను."

కెండ్రా నా వంక చూసింది. "ఎన్నేళ్ళ నుంచి కూర్చుంటున్నారమ్మా ఈయన వెనక?"

"యాభై ఒకటి."

"అయితే మీకు సీటు కాదు, పతకం ఇవ్వాలి."

ఆమె చూపించిన ఎర్ర బండి వెనక సీటు మా ఇంట్లో టీవీ ముందున్న పడక కుర్చీలా ఉంది. వీపుకు ఎత్తైన దిండు, రెండు వైపులా చేతులు ఆనించుకునే దిళ్ళు, పాదాలకు వెడల్పాటి పలకలు. ఎల్డన్ బండిని నిలబెట్టి, కాళ్ళు రెండూ నేలకానించాడు. నేను ఎక్కాను. తుంటిలో ఎక్కడా కలుక్కుమనలేదు. ఏడాదిగా నా ఒళ్ళు అంత హాయిగా ఎక్కడా కూర్చోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదే, ఎల్డన్. ఇదే తీసుకుందాం."

"ముందు నడిపి చూడండి," అంది కెండ్రా. "హెల్మెట్లలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే పరికరం ఉంది. పెట్టమంటారా?"

"యాభై ఏళ్ళుగా ఇంట్లో వింటున్నానమ్మా, రోడ్డు మీదైనా నా చెవులకు సెలవిప్పించు," అన్నాడు ఎల్డన్.

నేనూ వద్దన్నాను. తట్టడం వేరు. 'ఎడమకు తిరుగు' అని చెవిలో చెప్పడం వేరు. అలా చెబితే నేనెందుకు చెబుతున్నానో ఇద్దరం విన్నట్టే. ఆ పరికరం వద్దన్నది నేనే. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు.

బండి నడిపి చూడడానికి ఒక ఫారం నింపాలి. ఎల్డన్ కళ్ళద్దాలు తేలేదన్నాడు. నేనే నింపాను. బండి నడపడానికి ఆటంకమయ్యే జబ్బులేమైనా ఉన్నాయా అన్న చోట 'లేవు' అని రాశాను. నా చేతి రాత స్పష్టంగా ఉంటుంది.

కెండ్రా కాగితం మీద దారి గీసి ఇచ్చింది. "ఉత్తరంగా పొండి, తెల్ల చర్చి దగ్గర ఎడమ, ధాన్యం గోదాము దగ్గర మళ్ళీ ఎడమ, హైవే రాగానే మళ్ళీ ఎడమ. పన్నెండు మైళ్ళు, ఇక్కడికే వచ్చేస్తారు." ఎల్డన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొదటి నాలుగు మైళ్ళు నేను సుఖంగా వెళ్ళాను. బండి పడవలా సాగింది. జూలై చివరి మొక్కజొన్న రెండు వైపులా గోడల్లా నిలబడి ఉంది. తెల్ల చర్చి కనబడింది. ఎల్డన్ వేగం తగ్గించలేదు. తట్టబోయాను.

చెయ్యి అందలేదు.

వీపు దిండు నన్ను వెనక్కి లాగి పట్టుకుంది. మోకాళ్ళు అతని నడుముకు జానెడు ఎడంగా ఉన్నాయి. నడుం వంచి ముందుకు జరగబోతే తుంటిలో కత్తి దిగినట్టయింది. ఇంత దగ్గర కూర్చుని కూడా అతని ఒంట్లో ఏం జరుగుతోందో నాకేమీ తెలియలేదు. చర్చి వెనక్కి వెళ్ళిపోయింది. "ఎల్డన్! ఎల్డన్!" అని అరిచాను. గాలి, ఇంజను, అతని చెవుడు. ముందు అద్దంలో అతని గడ్డం కనిపిస్తోంది. ప్రశాంతంగా ఉన్నాడు.

మా దగ్గర రోడ్లన్నీ మైలుకొకటి చొప్పున గళ్ళలా ఉంటాయి. ప్రతి కూడలీ ఇంకో కూడలిలాగే ఉంటుంది. అతను ఒకచోట కుడికి తిరిగాడు, ఇంకోచోట ఎడమకు, తర్వాత తారు అయిపోయి కంకర రోడ్డు వచ్చింది. నేను అరుస్తూనే ఉన్నాను. చివరికి నాలుగు కంకర దారులు కలిసేచోట బండి ఆపి, పాదాలు కింద పెట్టి, అటూ ఇటూ చూడసాగాడు.

దిగి ముందుకు వెళ్ళి, అతని మొహం చూసి మాట్లాడాలి. ఇంకో మార్గం నాకు తోచలేదు. ఎక్కడం, దిగడం నడిపేవాడికి చెప్పకుండా ఎవరూ చెయ్యరు. మాలో కొత్తగా పెళ్ళయిన అమ్మాయికి కూడా ఆ మాట తెలుసు. నేను చెప్పాను. గట్టిగా చెప్పాను. పలక మీద కాలు ఆనించి, ఎడమ కాలు నేల మీద పెట్టి, కుడి కాలు ఇవతలికి తీశాను. తుంటి పట్టేసింది. మోకాలు పట్టుకుని వంగిపోయాను. పాత బండి అయితే నేను దిగగానే స్ప్రింగు పైకి లేచేది, అతనికి తెలిసేది. తొమ్మిది వందల పౌండ్ల ఈ బండికి నా బరువు ఒక లెక్క కాదు.

తల ఎత్తేసరికి బండి కదిలింది.

అతను వెనక్కి చూడలేదు. చూడాల్సిన అవసరం అతనికి కనబడలేదు. నేను ఉన్నానని అతని నమ్మకం. ఎర్ర దీపం, ఖాళీ సీటు, ఎగిరే దుమ్ము. పరిగెత్తాను అని రాయలేను. నాలుగడుగులు వేసి నిలబడ్డాను. మొక్కజొన్న మధ్య దుమ్ము కిందికి దిగేదాకా చూశాను.

ఫోను జేబులో ఉంది. ఎల్డన్ ఫోను ఇంట్లో బల్ల మీద ఉంటుంది, ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఫారం నింపేటప్పుడు కెండ్రా నాకిచ్చిన షాపు కార్డు మీద నంబరుకు చేశాను. నేనెక్కడున్నానో చెప్పడానికి స్తంభం మీద ఉన్న రెండు రోడ్ల అంకెలు చదివాను. ఇరవై ఐదు నిమిషాల్లో షాపు పికప్‌లో కెండ్రా వచ్చింది. ఆ ఇరవై ఐదు నిమిషాల్లో ఒక్క బండి కూడా అటు రాలేదు.

"ఏమైందమ్మా? పడ్డారా?"

"లేదు. నేను దిగాను. ఆయన వెళ్ళిపోయాడు."

కెండ్రాకు నవ్వొచ్చింది. తనకూ ఆ పాత హాస్యం తెలుసు. "అయ్యో, మిమ్మల్ని కూడానా! ఎక్కడో ఆగి తల బాదుకుంటూ వెనక్కి వస్తుంటారు..." నా మొహం చూసి ఆగిపోయింది.

"ఆయనకి దారులు గుర్తుండటం లేదు," అన్నాను. బయటికి అన్న మొదటిసారి అదే. కంకర రోడ్డు మీద, ముక్కూ మొహం తెలియని పిల్లతో.

"ఎన్నాళ్ళ నుంచి?"

"కోతల నుంచి."

నేను ఎక్కి కూర్చున్నాక ఆమె స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించింది. "ఫారం మీద రాసింది మీరే కదమ్మా."

"నేనే."

"ఎదురుగా స్కూలు బస్సొస్తే? మా పిల్లలు ఈ రోడ్ల మీదే తిరుగుతారు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"షెరిఫ్‌కు ఫోన్ చేస్తాను."

"ఒక్క అరగంట ఆగమ్మా. నీకు దణ్ణం పెడతాను. పోలీసులు చుట్టుముడితే ఆయన భయపడి పారిపోతాడు. నాకోసం కాదు, ఆయన కోసం."

"ఇరవై నిమిషాలు," అంది కెండ్రా, గేరు మారుస్తూ.

అతను వెళ్ళిన వైపే వెళ్ళాం. ప్రతి కూడలిలో ఆమె ఆగి నా వంక చూసేది. నేను అతనిలా ఆలోచించడానికి ప్రయత్నించాను. సూర్యుడు వీపు వెనక ఉండాలి, అతనికి ఎండ కళ్ళలో పడితే గిట్టదు. తారు రోడ్డు కనబడితే కంకర వదిలేస్తాడు. నీళ్ళ ట్యాంకు కనబడితే ఊరుందని అటు తిప్పుతాడు. ప్రతి గుంటలోకీ చూశాను, ఎర్ర రంగు కోసం. ఒకచోట ఎర్రగా కనబడి నా గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. అది పాత ట్రాక్టరు.

పద్దెనిమిది నిమిషాలయ్యాయి. కెండ్రా ఫోను చేతిలోకి తీసుకుంది. అప్పుడు కనబడింది నీళ్ళ ట్యాంకు, దాని కింద బంకు, గోడ వారగా నిలబెట్టిన ఎర్ర బండి.

ఎల్డన్ బంకు పక్క గోడ దగ్గర, ఆడవాళ్ళ బాత్‌రూమ్ తలుపుకు ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్ళో హెల్మెట్. పక్కన రెండు కాఫీలు, ఒకటి మూత తియ్యలేదు. గల్లాపెట్టె దగ్గర పనిచేసే ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఈయన మీవారా?" అని నన్నడిగింది మెల్లగా. "మూడుసార్లు లోపలికెళ్ళి చూశానమ్మా. ఎవరూ లేరని చెబితే కోప్పడుతున్నారు. సరిగ్గా చూడలేదంటున్నారు."

ఎల్డన్ కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. తలెత్తి చూశాడు. మొదట అతని మొహంలోకి వచ్చిన ఊరట నేను బతికున్నంత కాలం మరిచిపోలేను. తర్వాత అతను తలుపు వంక చూశాడు. పికప్ వంక, దాని పక్కన నిలబడ్డ కెండ్రా వంక చూశాడు. మళ్ళీ నా బూట్లు చూశాడు. వాటి నిండా కంకర దుమ్ము.

"నువ్వు ఆ తలుపులోంచి కదా రావాలి," అన్నాడు.

"అవును."

"మరి ఇటు నుంచి వచ్చావేం?"

నేను బెంచీ మీద కూర్చున్నాను. "నేను వెనక దిగాను ఎల్డన్. నువ్వు చూసుకోలేదు."

"ఎంత వెనక?"

"పద్నాలుగు మైళ్ళు."

అతను ఆ అంకెను నోట్లో తిప్పుకున్నాడు. "పద్నాలుగు మైళ్ళూ నీతో మాట్లాడుతూ వచ్చాను," అన్నాడు. "ఈ సీటు బాగుందా అని అడిగాను. నువ్వు బాగుందన్నావు."

బంకు ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

"లవాన్, నువ్వు జింకల కోసం తట్టడం లేదు కదూ?"

"లేదు."

"నాకు తెలుసు. కోతలప్పటి నుంచీ తెలుసు," అన్నాడు ఎల్డన్. "నువ్వు తడుతూ ఉంటే చాలనుకున్నాను."

అతను లేచాడు, మోకాళ్ళు పట్టుకుని. కెండ్రా దగ్గరికి నడిచి తాళం ఆమె చేతిలో పెట్టాడు. "బండికి గీత పడలేదు. చూసుకో అమ్మాయ్," అన్నాడు. ఆమె చూడలేదు. తాళం తీసుకుని, ఆ వెంటనే అతని చేతిని కూడా రెండు చేతులతో పట్టుకుంది. ఎల్డన్ చెయ్యి లాక్కోలేదు, అలాగని ఆమె మొహమూ చూడలేదు.

బండిని కెండ్రా నడిపింది. పికప్ నేను నడిపాను. ఎల్డన్ నా పక్కన, కిటికీ వైపు కూర్చున్నాడు. యాభై ఒక్కేళ్ళలో అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేను నడపడం, ఆస్పత్రి రోజులు తప్పిస్తే, అదే మొదలు. ఎర్ర బండి ముందు వెళ్తోంది, వెనక సీటు ఖాళీగా. అతను దాన్నే చూస్తున్నాడు. కూడలి రాగానే నేను వేగం తగ్గించాను. అతను అటూ ఇటూ చూడలేదు. చూడాల్సిన పని ఇక తనది కాదని ఒప్పుకున్నట్టు తల సీటుకు ఆనించాడు. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఇదే. ఇది నేనే చేశాను.

"డ్వేన్ వాళ్ళకి ఎవరు చెబుతారు?" అన్నాడు చాలా సేపటికి.

"నేను చెబుతాను."

"ఏమని?"

"నువ్వే చెప్పు, ఏమనమంటావో."

ఎల్డన్ కిటికీలోంచి మొక్కజొన్నను చూస్తూ ఆలోచించాడు. మేం వదిలిన ఊరి పేరు అప్పటికే మరిచిపోయి ఉంటాడు. కానీ ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకున్నాడు.

"నీ తుంటి వల్ల రావడం లేదని చెప్పు," అన్నాడు. "నిన్ను ఒంటరిగా వదిలి వెళ్ళడం నాకిష్టం లేదని చెప్పు."

"అలాగే చెబుతాను," అన్నాను.